తిరిగే కోడి, తిరగని కోడి: హైదరాబాద్ ఇళ్ళలో కోళ్ళ కడుపు బాధలు

హైదరాబాద్‌లో ఏ చికెన్ షాపులోనైనా నాటుకోడి కోయించుకుంటే చివర్లో ఒక చిన్న పని జరుగుతుంది. కందెనకాయను కత్తితో నడిమికి చీల్చి, లోపలున్నదంతా వేలితో గీకి పారేసి, పసుపుపచ్చ పొరను గోటితో లేపి ఒలిచేస్తారు. మిగిలిన గట్టి కండను 'పోటా' అని కలేజీతో పాటు కవర్‌లో వేస్తారు. కొనేవాళ్ళ చూపు ఆ కండ మీదే ఉంటుంది గానీ, కోడి ఎలా బతికిందో తెలియాలంటే చూడాల్సింది గీకి పారేసినదాన్ని. ఊళ్ళో తిరిగిన కోడైతే అందులో జొన్న గింజలు, గడ్డి పరకలు, వాటి మధ్య నున్నగా అరిగిన చిన్న చిన్న రాళ్ళు ఉంటాయి. ఫారం బ్రాయిలర్‌లో దాణా ముద్ద తప్ప రాయి కనిపించడం అరుదు. ఉప్పల్‌లోనో మల్కాజిగిరిలోనో డాబా మీద పెరిగే కోడిది ఈ రెంటికీ మధ్య బతుకు. గింజలు తింటుంది, వాటిని నూరుకోవడానికి రాళ్ళు మాత్రం దొరకవు.

నగరంలో ఇంటి కోళ్ళకు వచ్చే కడుపు బాధల్లో చాలావాటి మూలం ఇలాంటి చోటే ఉంటుంది. కోడి మారలేదు, దాని పేగులూ మారలేదు. తిరిగే చోటు మారింది. ఊరి కోడి పొద్దున గంప లేపగానే బయటపడి పెంటకుప్ప, దొడ్డి, చేను గట్టు తిరిగి మసక చీకటికి ఇల్లు చేరేది. దాని రెట్ట పది చోట్ల పడేది, ఎండకు ఎండిపోయేది. అదే కోడి నూట యాభై గజాల ఇంటి వెనక సందులోనో, డాబా మీద జాలీ గూటిలోనో ఉంటే తిన్న చోటే వేస్తుంది, వేసిన చోటే మళ్ళీ గీకి తింటుంది. అలాగని ఊరి కోడి రోగమెరుగదని చెప్పడానికి లేదు. కొక్కెర తెగులు అనే వైరస్ జబ్బు వచ్చిన ఏడాది ఊళ్ళకు ఊళ్ళు గంపలు ఖాళీ అయ్యేవి. కాకపోతే పేగుల జబ్బుల వరకు చూస్తే, తిరగడమే దానికి సగం మందు.

గొంతు కింద సంచి

కోడికి పళ్ళు లేవు. ముక్కుతో ఏరుకున్నది నేరుగా గొంతు కింద, రొమ్ముకు కాస్త కుడివైపున ఉండే మేత సంచిలోకి జారుతుంది. అక్కడ నాని, మెత్తబడి, కొంచెం కొంచెంగా కిందికి దిగుతుంది. మొదట ఆమ్లం ఊరే చిన్న జీర్ణాశయం, ఆ తర్వాత కందెనకాయ. మన నోట్లో పళ్ళు చేసే పని అక్కడ కండ, రాళ్ళు కలిసి చేస్తాయి. అక్కడి నుంచి చిన్నపేగు. అది ముగిసే చోట రెండు గుడ్డి సంచులు, అంటే ఒకవైపే దారి ఉన్న జంట పేగులు. చివరికి మలం, మూత్రం, గుడ్డు అన్నీ బయటికొచ్చే ఒకటే ద్వారం. కోడి విడిగా మూత్రం పోయదు. రెట్ట మీద తెల్లటి టోపీలా కనిపించేదే దాని మూత్రం.

మేత సంచి సంగతి చేత్తో తడిమితే తెలిసిపోతుంది. రాత్రి గూట్లోకి వెళ్ళేటప్పుడు అది నిండుగా, గట్టి బంతిలా ఉండాలి. పొద్దున దాణా వేయకముందు తడిమితే ఖాళీగా, చదునుగా ఉండాలి. పొద్దున కూడా నిండుగానే ఉందంటే ఏదో అడ్డుపడినట్టు. ఆ నిండు చపాతీ పిండి ముద్దలా గట్టిగా ఉంటే మేత సంచి బిగుసుకుపోయిందని అర్థం. నీళ్ళు నింపిన బెలూన్‌లా మెత్తగా ఉండి, నోటి నుంచి పులిసిన వాసన వస్తుంటే లోపల కాండిడా అనే ఈస్టు పెరిగినట్టు. దోసెల పిండి ఎక్కువసేపు బయట ఉంటే ఏమవుతుందో, కదలని మేత సంచిలోనూ దాదాపు అదే జరుగుతుంది.

నగరంలో మేత సంచికి అడ్డుపడే వస్తువుల జాబితా ఊళ్ళో ఉండేది కాదు. గిన్నెలు తోమిన కొబ్బరి పీచు, పూలదండ దారం, బియ్యం బస్తా నుంచి ఊడిన ప్లాస్టిక్ పోగులు, పాల ప్యాకెట్ మూల. సంక్రాంతి వెళ్ళిన వారం రోజులు డాబాల మీద మాంజా ముక్కలు ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. కోడి దాన్ని పురుగనుకుని పీకి మింగుతుంది. సగం లోపల, సగం నాలుకకు చుట్టుకుని ఉన్న దారాన్ని చూసి బయటికి లాగేయాలనిపిస్తుంది. లాగితే లోపల గొంతునో పేగునో కోసేస్తుంది. ఆ పని డాక్టర్‌కే వదిలేయాలి.

మేత సంచి బిగుసుకున్న కోడిని తలకిందులుగా పట్టుకుని కక్కించడం బాగా పాకిన చిట్కా. ప్రమాదకరమైన చిట్కా కూడా. కోడి శ్వాసనాళం నాలుక వెనకే తెరుచుకుంటుంది. పైకి వచ్చిన పులిసిన నీళ్ళు అందులోకి పోతే అక్కడికక్కడే ప్రాణం పోవచ్చు. అంతకన్నా ఒక పూట దాణా ఆపి, నీళ్ళు మాత్రం ఇచ్చి, రోజుకు రెండు మూడుసార్లు ఆ సంచిని వేళ్ళతో నెమ్మదిగా పిసకడం మేలు. మర్నాటికీ కిందికి దిగకపోతే డాక్టర్‌కి చూపించాలి. ఈస్టుకు మందు వేరు, యాంటీబయాటిక్ వేరు. తెలియక యాంటీబయాటిక్ పోస్తే మంచి బ్యాక్టీరియా చచ్చి, ఈస్టు ఇంకా రెచ్చిపోతుంది.

ఇక కందెనకాయ రాళ్ళ మాట. కొన్న దాణా మాత్రమే తినే కోడికి రాళ్ళు లేకపోయినా ఇబ్బంది లేదు, అది ముందే నూరిన పిండి. జొన్నలు, మక్కలు, వడ్లు, ఆకుకూరలు పెడుతూ సిమెంటు డాబా మీద ఉంచితేనే చిక్కు. చిన్న గిన్నెలో పెసర గింజంత గరుకు ఇసుక రాళ్ళు పెడితే కావాల్సినన్ని అదే ఏరుకుంటుంది. ఇక్కడ చాలామంది ఆల్చిప్ప పొడి పెట్టి రాళ్ళు పెట్టామనుకుంటారు. ఆల్చిప్ప కందెనకాయ ఆమ్లంలో కరిగిపోతుంది. అది గుడ్డు పెంకుకు కావాల్సిన కాల్షియం, నూరే రాయి కాదు. రెండూ వేరు వేరు గిన్నెల్లో ఉండాలి.

పొద్దున పేపరు

గూట్లో కోడి నిద్రపోయే కర్ర కింద రాత్రి ఒక పాత దినపత్రిక పరిస్తే పొద్దుటికి దాని మీద పదో పదిహేనో రెట్టలు పడి ఉంటాయి. వార్తలకన్నా ముందు చదవాల్సింది వాటిని. మామూలు రెట్ట గోధుమ రంగులోనో బూడిద రంగులోనో చుట్టలా ఉండి, మీద తెల్లటి టోపీ ఉంటుంది. ఎనిమిది పదింటికి ఒకటి మాత్రం వేరుగా కనిపిస్తుంది. ఆవపిండి ముద్దలా, ముదురు గోధుమ రంగులో, జిగటగా, ముక్కు మూసుకునేంత కంపు కొడుతూ. కొత్తగా కోళ్ళు పెంచేవాళ్ళు దీన్ని చూసే మొదట టెన్షన్ పడతారు. నిజానికి ఇది ఆ జంట గుడ్డి పేగులు ఖాళీ అయిన రెట్ట. అవి పనిచేస్తున్నాయనడానికి అదే గుర్తు.

రంగు చూసి జబ్బు పేరు చెప్పేయడం తేలిక, తప్పడం ఇంకా తేలిక. జూన్‌లో అల్లనేరేడు చెట్టు కింద తిరిగే కోడి ఊదారంగు రెట్ట వేస్తుంది. బీట్‌రూట్ తొక్కలు తింటే ఎర్రగా, పాలకూర ఎక్కువైతే పచ్చగా వస్తుంది. రెట్టలో అప్పుడప్పుడు నారింజ రంగు పొరలాంటిది కనిపిస్తుంది, అది పేగు లోపలి పొర రాలడం, కొద్దిగా అయితే మామూలే. అసలు పచ్చ రెట్టకు చాలాసార్లు అర్థం ఒకటే: కోడి తినడం మానేసింది. ఖాళీ పేగుల్లోంచి పైత్యరసం ఒక్కటే దిగుతోంది. అందుకని పచ్చ రెట్ట కనిపిస్తే వెంటనే చూడాల్సింది దాణా గిన్నె. కోడి ముడుచుకుని, ఈకలు ఉబ్బించి, తోక దించి మూలన నిలబడి ఉంటే అప్పుడు భయపడాలి. పచ్చ పారుడుతో పాటు నోరు తెరిచి గురక, మెడ ఒకవైపు మెలి తిరగడం, రెండు మూడు రోజుల్లో వరసగా పోవడం చూస్తే అది కొక్కెర తెగులు. దానికి రాణిఖేత్ అనే పేరు ఉత్తరాఖండ్‌లోని కొండ ఊరి నుంచి వచ్చింది. అది వైరస్, తగిలాక మందు లేదు.

ఎండాకాలపు నీళ్ళ రెట్ట ఇంకో గందరగోళం. హైదరాబాద్ మే నెలలో నలభై రెండు డిగ్రీలు తాకిన మధ్యాహ్నం కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పడమే దాని ఫ్యాన్. మామూలు రోజుల్లో తిన్న దాణా బరువుకు రెండింతలు నీళ్ళు తాగే పెట్ట, ఆ రోజుల్లో దానికి ఇంకో అంత తాగుతుంది, దాణా తగ్గించేస్తుంది. లోపలికి నీళ్ళు ఎక్కువ, మేత తక్కువ అయితే బయటికి వచ్చేదీ నీళ్ళే. ఇది జబ్బు కాదు గానీ జబ్బుకు దారి కాగలదు. డాబా మీది నల్ల ట్యాంకు నీళ్ళు రెండు గంటలకు చేయి పెట్టలేనంత వేడెక్కుతాయి, ఆ నీళ్ళు కోడి ముట్టదు. నీడలో మట్టి మూకుడు, పూటకోసారి చల్లటి నీళ్ళు, దాణా పొద్దున్నే ఒకసారి, ఎండ తగ్గాక ఒకసారి. ఈ మాత్రం చేస్తే సగం ఎండాకాలపు పారుళ్ళు వాటంతట అవే తగ్గుతాయి.

పిల్లల విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. వీధుల్లో గులాబీ, ఆకుపచ్చ రంగులద్ది అమ్మే కోడిపిల్లలు ఎక్కువగా గుడ్ల ఫారాల హేచరీలు వద్దనుకున్న మగపిల్లలు. చలికి, ప్రయాణానికి అలిసిపోయి వస్తాయి. ఇంటికొచ్చిన రెండో రోజుకు ముడ్డికి రెట్ట అంటుకుని గట్టిపడి దారి మూసుకుపోతుంది. పిల్లవాడు గోరుతో దాన్ని పీకాలని చూస్తాడు, తోలు ఊడొస్తుంది. గోరువెచ్చటి నీళ్ళలో తడిపిన గుడ్డతో నానబెట్టి తీసి, ఆరబెట్టి, బల్బు వెచ్చదనం కింద ఉంచాలి. మొదటి వారం వాటికి ముప్పై మూడు, ముప్పై నాలుగు డిగ్రీల వెచ్చదనం కావాలి. తల్లి రెక్కల కింద ఉన్న పిల్లకు ఈ బాధ తక్కువ. దానికి ఇంకో లాభం కూడా ఉంది. తల్లి రెట్ట పొడుస్తూ అది మంచి బ్యాక్టీరియాను పేగుల్లో నింపుకుంటుంది. 1973లో ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు నుర్మి, రాంటాలా పెద్ద కోడి పేగుల్లోని పదార్థం అందిన పిల్లలకు సాల్మొనెల్లా అనే చెడ్డ బ్యాక్టీరియా అంత తేలిగ్గా అంటదని చూపించారు. ఊళ్ళో పొదిగే పెట్ట ఆ పని ఎప్పటి నుంచో చేస్తూనే ఉంది.

వాన, తడి, రక్త పారుడు

హైదరాబాద్‌లో ఇంటి కోడిపిల్లలను ఎక్కువగా తీసుకుపోయే పేగుల జబ్బు ఏదని అడిగితే చెప్పాల్సిన మొదటి పేరు కాక్సిడియోసిస్. జనం దీన్ని రక్త పారుడు అంటారు. దీని వెనక ఉన్నది బ్యాక్టీరియా కాదు, వైరస్ కాదు. ఐమీరియా అనే ఏకకణ జీవి. కోళ్ళలో ముఖ్యంగా ఏడు రకాలున్నాయి, ఒక్కోటి పేగులో ఒక్కో చోట కాపురం పెడుతుంది. వాటిలో టెనెల్లా అనేది ఆ జంట గుడ్డి పేగుల్లోకి చేరి వాటి గోడలను చీల్చుతుంది. అందుకే రక్తం. మూడు వారాల నుంచి ఆరు వారాల వయసు పిల్లలకు ఇది ఎక్కువ. పొద్దున గంతులేసిన పిల్ల సాయంత్రానికి రెక్కలు వేలాడేసి, కళ్ళు మూసుకుని నిలబడుతుంది. కింద ఎర్రటి రెట్ట ఉంటుంది.

ఈ జీవి బతికే తీరు అర్థమైతే మందు సగమే అవసరమని తెలుస్తుంది. రోగమున్న కోడి రెట్టలో దాని గుడ్లలాంటివి, అంటే ఊసిస్టులు, బయటపడతాయి. పడిన వెంటనే అవి ఎవరికీ అంటుకోవు. పక్వానికి రావాలంటే వాటికి గాలి, తడి, ఇరవై ఐదు ముప్పై డిగ్రీల వెచ్చదనం, ఒకటి రెండు రోజుల టైమ్ కావాలి. జూలై, ఆగస్టుల్లో హైదరాబాద్ వాతావరణం కొలతపెట్టి కుట్టినట్టు దీనికి సరిపోతుంది. పక్వమైన ఒక్కదాన్ని పిల్ల మింగితే వారం తిరక్కముందే వేలల్లో బయటికొస్తాయి. రోజూ రెట్ట తీసేసే గూట్లో వాటికి పక్వానికొచ్చే వ్యవధే దొరకదు. మూడు రోజులకోసారి తీస్తే మాత్రం పక్వమైనవాటినే కోళ్ళకు వడ్డించినట్టు.

ఇంకో చేదు సంగతి. గూటిని ఫినాయిల్‌తోనో బ్లీచింగ్ పౌడర్‌తోనో కడిగితే మనసుకు హాయిగా ఉంటుంది, ఊసిస్టులకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. వాటి పైపెంకు అంత గట్టిది. పైగా ఆ కడిగిన తడి వాటికి కావాల్సిందే. అవి చచ్చేది మరిగే నీళ్ళకు, మంటకు, బాగా ఎండిపోవడానికి. అందుకని వానాకాలం గూట్లో నీళ్ళు పోసి కడగడం కన్నా గీకి తీసి, ఆరబెట్టి, కొత్త ఊక పోయడం మంచిది. ఊక తడి తెలుసుకోవడానికి మీటర్లు అక్కర్లేదు. గుప్పెడు తీసి గట్టిగా పిడికిలి బిగించి వదలాలి. ఉండలా నిలిచిపోతే తడి ఎక్కువైంది. అసలు అంటుకోకుండా దుమ్ములా రాలితే మరీ ఎండిపోయింది, శ్వాసకు ఇబ్బంది. కాస్త అంటుకుని నెమ్మదిగా విడిపోతే సరైన ఊక. తడి ఎప్పుడూ నీళ్ళ గిన్నె చుట్టూ మొదలవుతుంది. గిన్నెను కోడి వీపు ఎత్తులో పెడితే ఒలకదు, అందులో రెట్ట పడదు.

కాక్సిడియోసిస్‌కు ఆంప్రోలియం అనే మందును నీళ్ళలో కలిపి ఇస్తారు, ప్యాకెట్ మీద రాసినంతే, రాసినన్ని రోజులే. అది విటమిన్ బి1లా నటించి ఐమీరియాను మోసం చేసే మందు. అదే సమయంలో బలానికని బి కాంప్లెక్స్ టానిక్ కూడా పోస్తే మందు పని సగం పోతుంది. ఈ రెండింటినీ కలిపి ఇవ్వడం ఇళ్ళలో చాలా మామూలు. తగ్గిన తర్వాత టానిక్ ఇవ్వొచ్చు. కొద్ది కొద్దిగా ఊసిస్టులు మింగుతూ పెరిగిన కోడికి తట్టుకునే శక్తి దానంతట అదే వస్తుంది, అదీ ఏ రకం మింగిందో ఆ రకానికే. కాబట్టి మొత్తం గూటిని క్రిమి లేకుండా చేయాలన్న ఆరాటం అక్కర్లేదు. మోతాదు తగ్గితే చాలు.

మట్టి నేల ఉన్న ఇళ్ళలో దీనికి తోడు నట్టలు, అంటే పేగుల్లో బతికే పురుగులు. బోడుప్పల్, శంషాబాద్ వైపు ఇంకా ఖాళీ జాగా ఉన్న ఇళ్ళలో ఏళ్ళ తరబడి అదే మూల కోళ్ళుంటాయి. ఏలిక పాముల గుడ్లు ఆ మట్టిలో నెలల తరబడి బతుకుతాయి. బద్దె పురుగు నేరుగా రాదు, చీమల్లోనో పేడ పురుగుల్లోనో ఈగల్లోనో దాక్కుని వస్తుంది, కోడి వాటిని ఇష్టంగా తింటుంది. నట్టలున్న కోడి బాగా తిని కూడా బరువు పెరగదు. రొమ్ము ఎముక కత్తిలా తగులుతుంది, జుట్టు పాలిపోతుంది, రెట్టలో అన్నం మెతుకుల్లాంటి ముక్కలు కదులుతుంటాయి. చాలా అరుదుగా ఏలిక పాము గుడ్లు తయారయ్యే దారిలోకి తప్పిపోయి గుడ్డులోనే దొరుకుతుంది. అట్లు పోస్తుంటే అది కనిపించిన ఇంట్లో ఆ తర్వాత కొన్నాళ్ళు గుడ్డు మాటెత్తరు. నట్టల మందు వేయొచ్చు గానీ, మందు పడిన మర్నాడు కోడి మళ్ళీ అదే మట్టి తింటే మూడు నెలలకు కథ మొదటికొస్తుంది. జాగాను జాలీతో రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని కొన్ని నెలలు ఎండకు వదిలేయడం మందు కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

మిగిలిన బిర్యానీ, బూజు మక్కలు

కోడికి ఏం పెట్టకూడదని అడిగితే పెద్ద జాబితా చెప్తారు. హైదరాబాద్ ఇంట్లో అసలు తంటా రెండు మూడింటితోనే. మొదటిది ఆదివారం మిగిలిన బిర్యానీ. కోడి దాణాలో ఉప్పు అర శాతం లోపే ఉంటుంది. మన నోటికి సరిపడేలా వండిన బిర్యానీలో, సలాన్‌లో అంతకన్నా చాలా ఎక్కువ, పైన నూనె, మసాలా. పెద్ద పెట్ట రెండు మెతుకులు తింటే ఏమీ కాదు. చిన్నపిల్లలు అదే కడుపు నిండా తింటే ఉప్పు దాహానికి నీళ్ళు తాగి తాగి పారుడు పెడతాయి, నీళ్ళు దొరకకపోతే ఇంకా ముప్పు. ఉత్త అన్నమైనా కడుపు నింపుతుంది గానీ పోషించదు. రోజుకు నూరు, నూట ఇరవై గ్రాములు తినే గుడ్ల పెట్టకు ఆ మేతలో పదహారు శాతానికి తగ్గకుండా మాంసకృత్తులు కావాలి.

రెండోది ఒకే బస్తా దాణా అందరికీ వేయడం. గుడ్లు పెట్టే కోళ్ళ దాణాలో కాల్షియం మూడున్నర, నాలుగు శాతం ఉంటుంది, పెంకు కోసం. గుడ్లు పెట్టని పిల్లలకు అదే వేస్తే ఆ కాల్షియం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. రెట్టలో తెలుపు ఎక్కువై, సున్నం నీళ్ళలా వస్తుంది. ఇంట్లోవాళ్ళు దాన్ని తెల్ల పారుడనుకుని యాంటీబయాటిక్ తెస్తారు. నిజమైన తెల్ల పారుడు, అంటే సాల్మొనెల్లా వల్ల పసిపిల్లలకు వచ్చేది, వేరే ఉంది. గంబోరో అనే వైరస్ జబ్బులోనూ తెల్లటి నీళ్ళ విరేచనం అవుతుంది. తేడా తేల్చేది రెట్ట రంగు ఒక్కటే కాదు. వయసు, దాణా బస్తా మీది అక్షరాలు కూడా చూడాలి.

మూడోది బూజు. వానాకాలం మెట్ల కింద పెట్టిన మక్కల బస్తా, పల్లి చెక్క లోపల లోపల వేడెక్కి ముక్క వాసన వస్తాయి. మనుషులు తినడానికి పనికిరానివి కదా, కోళ్ళకు వేద్దామంటారు. ఆ బూజులో తయారయ్యే అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని తింటుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్ళు అంతుచిక్కకుండా చనిపోయాయి. వెతగ్గా వెతగ్గా బ్రెజిల్ నుంచి వచ్చిన పల్లి చెక్క దగ్గర తేలింది. అఫ్లాటాక్సిన్ అనే పేరు ఆ తర్వాతే పుట్టింది. ఎండబెట్టినా, వేయించినా ఆ విషం పూర్తిగా పోదు, బూజు మాత్రమే కనిపించకుండా పోతుంది. అలాంటి బస్తాకు ఒకటే దారి, పారేయడం.

పెరుగు గురించి ఒక మాట. కడుపు బాగోలేదంటే పెరుగన్నం పెట్టడం మనకు ఉన్న అలవాటు, కోళ్ళకూ పెడుతున్నారు. చెంచాడు పెరుగుతో నష్టం లేదు. పాల చక్కెరను అరిగించుకునే శక్తి మాత్రం కోడికి లేదు, గిన్నెడు పెడితే పెరుగే పారుడు తెస్తుంది.

మందుల షాపు, డాక్టర్, వ్యాక్సిన్ సీసా

పారుడు కనిపించగానే పసుపు రంగు యాంటీబయాటిక్ పొడి ప్యాకెట్ తెచ్చి నీళ్ళలో కలిపేయడం అన్ని బస్తీల్లోనూ ఉన్నదే. ఐమీరియాకు అది పనిచేయదు, నట్టలకు పనిచేయదు, కొక్కెర తెగులుకు పనిచేయదు, ఎండకు అసలే పనిచేయదు. పనిచేసినా చేయకపోయినా గుడ్లలోకి మాత్రం దిగుతుంది, ఆ గుడ్లు ఇంట్లోవాళ్ళే తింటారు. మనుషులకు ఏ మందూ పనిచేయని చోట చివరగా వాడే కొలిస్టిన్‌ను కోళ్ళ దాణాల్లో వాడకూడదని 2019లో కేంద్రం నిషేధించింది. ఇంట్లో ఐదు కోళ్ళున్నవాళ్ళకు ఆ గొడవ దూరంగా కనిపిస్తుంది గానీ, ఫారం కోడికి వర్తించే తర్కం డాబా కోడికీ వర్తిస్తుంది. ఏ మందైనా ఇస్తే ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో డాక్టర్‌ని అడిగి తీరాలి.

కోళ్ళ విషయంలో హైదరాబాద్ నిజానికి అదృష్టం చేసుకున్న ఊరు. వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి లాంటి పెరటి కోళ్ళను రూపొందించిన కోళ్ళ పరిశోధన సంచాలనాలయం రాజేంద్రనగర్‌లోనే ఉంది, పశువైద్య విశ్వవిద్యాలయమూ అక్కడే. అయినా ఐదు కోళ్ళ ఇంటికి వ్యాక్సిన్ వేయించుకోవడం కష్టం, దానికి కారణం సీసా సైజు. కొక్కెర తెగులుకు ఐదు నుంచి ఏడో రోజున లసోటా చుక్క, నాలుగు వారాలకు మళ్ళీ, రెండు నెలలకు ఆర్2బి సూది అన్నది సాధారణ వరస. సీసాలేమో వందల కోళ్ళ లెక్కన వస్తాయి, కలిపాక గంట రెండు గంటల్లో వాడేయాలి. ఒక కాలనీలో కోళ్ళున్న పది ఇళ్ళు ఒకే ఆదివారం పెట్టుకుంటే ఖర్చు చాయ్ ఖర్చంత అవుతుంది. నీళ్ళలో కలిపి పోసే వ్యాక్సిన్‌కు నల్లా నీళ్ళు వాడకూడదు. అందులోని క్లోరిన్ బతికున్న వ్యాక్సిన్‌ను చంపేస్తుంది.

ముర్గీ చౌక్ నుంచో వారాంతపు సంత నుంచో తెచ్చిన కొత్త కోడిని ఆ రాత్రే పాతవాటితో కలపడం ఇంకో పెద్ద పొరపాటు. పదిహేను ఇరవై రోజులు వేరే మూల, వేరే గిన్నె. ఈ వ్యవధిలో దాని రెట్టలు చదివితే దాని చరిత్ర మొత్తం తెలుస్తుంది.

ఒక్క రోజులో రెండు మూడు కోళ్ళు పోతే ఇంటి వైద్యం ఆపేయాలి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు కూడా మొదట కనిపించింది కోళ్ళు ఉన్నట్టుండి కుప్పకూలడమే. అలా గుంపుగా పోతుంటే చచ్చినవాటిని కోయకూడదు, వండకూడదు, నాలాలో పడేయకూడదు, వాటిని పట్టుకుని ఊరంతా తిరగకూడదు. దగ్గరి పశువైద్యశాలకు ఫోన్ చేసి చెప్పాలి. ఒకటే కోడి పోయి, కడుపు జబ్బేనని అనుమానం ఉంటే పోస్ట్‌మార్టం చేయించడం మిగిలినవాటికి మంచిది. గ్లౌజులు వేసుకుని, రెండు కవర్లలో చుట్టి, ఐసు గడ్డల మధ్య పెట్టి అదే రోజు తీసుకెళ్ళాలి. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకూడదు, గడ్డకట్టి కరిగిన పేగుల్లో పుండేదో పాడైనదేదో డాక్టర్‌కి తెలియదు. దాంతో పాటు ఒక కవర్‌లో గుప్పెడు దాణా, ఇంకో దాంట్లో ఆ పొద్దున పేపరు మీద పడిన రెట్ట కూడా పట్టుకెళ్ళాలి.